దేవుడితో తగువు, సర్కారుతో తగువు

మోర్మన్లనే మాట చాలామంది తెలుగు పాఠకులకు మొదట షెర్లాక్ హోమ్స్ ద్వారానే తెలిసింది. కానన్ డాయిల్ 1887లో వెలువరించిన మొదటి హోమ్స్ నవల ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ రెండో భాగం చాలావరకు అమెరికాలోని యూటా ఎడారిలో నడుస్తుంది. అందులో మోర్మన్ పెద్దలంటే ఆడపిల్లను బలవంతంగా పెళ్లాడేవాళ్లు, ఎదురు తిరిగినవాణ్ణి వెంటాడి చంపేవాళ్లు. జేన్ గ్రే 1912లో రాసిన ‘రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్’ కూడా ఆ పెద్దలను అలాగే చూపించింది. వాళ్లను దూరం నుంచి చూసి భయపడినవాళ్ల కథలవి. మన సినిమాల్లో ముస్లిం పాత్రకు చాలాకాలం పట్టిన గతీ ఇదే. ఉంటే కత్తి పట్టుకున్న రౌడీ, లేకుంటే హీరో కోసం ప్రాణమిచ్చే నమ్మకస్తుడు. ఇంట్లో భార్యతో గొడవపడే మామూలు మనిషిగా కనిపించడం అరుదు.

ఒక మతసమాజపు కథాసాహిత్యంలోకి అడుగుపెట్టాలంటే ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? ఆ సమాజాన్ని బయటివాళ్లకు పరిచయం చేసే పుస్తకంతో కాదు. దానిలోనే ఉంటూ, దాన్ని వదిలిపోకుండా, దానితో తగువుపడే పుస్తకంతో. మోర్మన్ నవలల్లో అలాంటిది లెవీ పీటర్సన్ 1986లో ప్రచురించిన ‘ది బ్యాక్‌స్లైడర్’. దీన్ని మన సిరిసిల్ల జిల్లా రచయిత పెద్దింటి అశోక్‌కుమార్ ‘జిగిరి’ పక్కన పెట్టి చదవాలని నా సలహా. ఒకదానికొకటి ఏ సంబంధమూ లేని ఈ రెండు నవలలు పక్కపక్కన పెడితే ఒకదాని లోటును ఇంకొకటి బయటపెడతాయి.

ముందు కాస్త చరిత్ర. జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో మోర్మన్ల మతసంఘాన్ని స్థాపించాడు. 1838లో మిస్సోరీ గవర్నరు మోర్మన్లను రాష్ట్రం నుంచి తరిమేయమని, లేదంటే నిర్మూలించమని ఆజ్ఞ ఇచ్చాడు. 1844లో జోసెఫ్ స్మిత్‌ను జైలులోనే ఒక గుంపు కాల్చి చంపింది. మిగిలినవాళ్లను బ్రిగమ్ యంగ్ 1847లో సాల్ట్ లేక్ లోయకు నడిపించాడు. బహుభార్యాత్వాన్ని ఆపేస్తున్నట్టు 1890లో సంఘం ప్రకటించాకే యూటాకు 1896లో రాష్ట్ర హోదా దక్కింది. పొగాకు, మద్యం, టీ, కాఫీ వాళ్లకు నిషిద్ధం. జీతం తీసుకునే పురోహితుడు ఉండడు. వాడకట్టులో పగలంతా ఏదో ఉద్యోగం చేసుకునే మనిషే ఆదివారం బిషప్. ఇదంతా మనకు బొత్తిగా దూరపు సంగతి కాదు. సమోవాలో స్థిరపడిన తెలుగు దంపతులు ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు 1978లో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు ఈ మతంలో బాప్తిస్మం ఇప్పించారు. దేశంలో ఈ సంఘానికి మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని సంఘాలను కలిపిన పెద్ద విభాగం, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది.

‘ది బ్యాక్‌స్లైడర్’ నాయకుడు ఫ్రాంక్ విండమ్ 1950ల నాటి దక్షిణ యూటాలో పశువుల కాపరి. దేవుడు తుపాకీ దుర్భిణీలో నుంచి తననే గురిచూస్తున్నాడని అతని నమ్మకం. లూథరన్ అమ్మాయి మేరియన్‌తో సంబంధం, గర్భం, పెళ్లి. తన ఒంటిలో పుట్టే ప్రతి కోరికా అతనికి నేరంగానే తోస్తుంది. తోడబుట్టిన జెరెమీ ఇంకా ఘోరానికి పోతాడు. పాపభీతితో తన అంగాన్నే కోసుకుంటాడు. ఈ ఘట్టం చదవడం కష్టం. కానీ పీటర్సన్ దాన్ని జుగుప్స కోసం రాయలేదు. శరీరాన్ని శత్రువుగా చూడడం నేర్పిన బోధ చివరికి ఎక్కడిదాకా పోతుందో తప్పించుకోకుండా చూపించాడు. చివర ఫ్రాంక్‌కు దర్శనమిచ్చే క్రీస్తు గుర్రమెక్కిన కౌబాయ్. అదీ చర్చి మూత్రశాలలో. పైగా సిగరెట్ తాగుతూ. నీ భార్యను ప్రేమించు, నిన్ను నువ్వు హింసించుకోవడం ఆపు అనేదే ఆయన చెప్పిన మాటల సారం.

బీడీలు చుట్టి పిల్లలను చదివించే తల్లులున్న మా మల్లాపూర్, కోరుట్ల వైపు పాఠకుడికి పొగ తాగే క్రీస్తు పెద్ద వింతగా అనిపించకపోవచ్చు. మోర్మన్ పాఠకుడికి మాత్రం అది గుండె ఆగే దృశ్యం. తమ దేవుడు తమ నిషేధాన్నే దాటి, తప్పు చేసినవాడి స్థాయికి దిగివచ్చాడు. ఈ దృశ్యాన్ని ఎగతాళిగా చదివితే నవల మొత్తం చేజారిపోతుంది. పీటర్సన్ ఇక్కడ భక్తితోనే రాస్తున్నాడు. మతాన్ని విడిచిపెట్టి విమర్శించడం ఎంతోమంది చేశారు. మతంలోనే నిలబడి, దాని దేవుడి ముఖాన్నే మార్చి చూపడం అరుదు. నవల గొప్పతనం అదే.

ఇప్పుడు ‘జిగిరి’. ఇమాం ఎలుగుబంటిని ఆడించి బతికే మనిషి. భార్య బీబమ్మ, కొడుకు చాంద్, ఎలుగు షాదుల్. సర్కారు భూమి దక్కాలంటే ఎలుగును వదిలించుకోవాలి. భూమి వస్తే బతుకు మారుతుందని కొడుకు ఆశ. బిడ్డలా పెరిగిన ప్రాణిని ఎలా వదలాలని తండ్రి బాధ. అడవిజంతువులను పట్టి ఆడించడాన్ని 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం నేరంగా చూస్తుంది. ఆ చట్టం అవసరమైనదే. కానీ తరతరాలుగా ఎలుగుతో బతికిన కుటుంబం ఆ తర్వాత ఏం తిని బతకాలో చెప్పని న్యాయం సగం న్యాయమే. అశోక్‌కుమార్ ఈ సంగతిని వాదనగా పెట్టలేదు. ఒక ఇంటి నడిమధ్యకు తెచ్చి కూర్చోబెట్టాడు.

రెండు నవలల మధ్య తేడా ఇక్కడే తేలుతుంది. ఫ్రాంక్ తగువు దేవుడితో. ఇమాం తగువు సర్కారుతో, ఆకలితో, సొంత కొడుకుతో. ఫ్రాంక్‌కు పని ఉంది, కూలి వస్తుంది. రేపటి కూటి బెంగ ఆ నవలను నడపదు. ఇమాంకు నమాజు చేశానా లేదా, నా దేవుడు నన్ను క్షమిస్తాడా అని మథనపడే తీరిక లేదు. అతని మతం పేరులో, వేషంలో, బంధుత్వాల్లో ఉంది. కథకు మాత్రం అది సమస్య కాదు. అశోక్‌కుమార్ ముస్లిం కాకపోవడం దీనికి ఒక కారణం కావచ్చు. ఆ ఇంటి పేదరికాన్ని అతను పక్కవాడిగా పూర్తిగా ఎరుగును. పీర్ల పండుగకు అన్ని కులాలూ అలావా గుండం చుట్టూ చేరే ఊళ్లలో ఈ పక్కవాడి చూపుకు గొప్ప విలువుంది. అయినా ఆ మనిషి ప్రార్థనలోకి వెళ్లడానికి ఆ చూపు సరిపోదు.

మరి లోపలివాళ్లు రాస్తే? మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ నెల్లూరు జిల్లా ముస్లిం ఇంటిని ఒక పిల్లవాడి గొంతుతో మన చేతిలో పెట్టాయి. స్కైబాబ సంపాదకత్వంలో 2004లో వచ్చిన ‘వతన్’ తెలుగు ముస్లిం కథలను ఒకచోట చేర్చింది. ఆరేళ్ల తర్వాత, 2010లో, ఏంజెలా హాల్‌స్ట్రమ్ మోర్మన్ కథలను ‘డిస్పెన్సేషన్’ పేరుతో సంకలనం చేసింది. ఈ రెండు సంకలనాలనూ పోల్చి చూస్తే నాకు తెలుగుదే సాహసమనిపిస్తుంది. ఎందుకో చెప్పాలి.

1888లో ఓర్సన్ విట్నీ అనే మోర్మన్ బిషప్ తమలో కూడా మిల్టన్లు, షేక్స్‌పియర్లు పుడతారని, స్వసమాజ సాహిత్యం కావాలని పిలుపునిచ్చాడు. బహుభార్యాత్వం మీద అమెరికా ప్రభుత్వం కఠిన చట్టం తెచ్చి అప్పటికి ఏడాదే. ముట్టడిలో ఉన్న సమాజం ఇచ్చిన పిలుపు అది. కాబట్టి తర్వాత వచ్చినవి ఎక్కువగా బోధకథలు. నీఫై ఆండర్సన్ 1898 నవల ‘యాడెడ్ అపాన్’ పుట్టుకకు ముందునుంచి మరణం తర్వాతి దాకా మనిషి ఆత్మయాత్రను పాఠంలా చెబుతుంది. తగువుపడే నవలలు యూటాలో మోర్మన్లు స్థిరపడి, పాలన తమ చేతిలోకి వచ్చాకే ఎక్కువయ్యాయి. తెలుగు ముస్లిం రచయితలకు అలాంటి స్థిమితం దొరకలేదు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదును కూల్చిన తర్వాతి అనుమానపు చూపుల మధ్యే వాళ్లు కలం పట్టారు. లోపలి లోటు ఒకటి బయటపెడితే గిట్టనివాడు దాన్నే ఆయుధం చేసుకునే కాలమది. అయినా ఒక చేత్తో తమను కాపాడుకుంటూనే పరదా, తలాక్, ఆడపిల్ల చదువు గురించి అడిగారు. షాజహానా ‘నఖాబ్’ కవితల పేరే ఆ ప్రశ్నను ముందుకు తెస్తుంది. మోర్మన్లకు కొన్ని దశాబ్దాలు పట్టిన ప్రయాణాన్ని వీళ్లు ఒక్క తరంలో చేశారు.

లోతులో మాత్రం పీటర్సన్‌ది పైచేయి. నమాజులో నిలబడ్డ మనిషి మనసులో అల్లాతో నడిచే వాగ్వాదాన్ని ‘ది బ్యాక్‌స్లైడర్’ అంత నిడివితో, అంత ధైర్యంగా రాసిన తెలుగు నవల మనకు కావాలి. ముస్లిం ఇంటి నుంచే కాదు, క్రైస్తవ ఇంటి నుంచీ, లింగాయత్ ఇంటి నుంచీ రావాలి.

మోరిన్ విపుల్ 1941 నవల ‘ది జెయింట్ జాషువా’ గురించి ఒక మాట. పత్తి పండించమని బ్రిగమ్ యంగ్ 1861లో కుటుంబాలను దక్షిణ యూటా ఎడారికి పంపాడు. ఆ వలసలో మూడో భార్యగా వచ్చిన క్లోరీ కథ ఇది. పత్తి, మగ్గం, ఎండ తెలిసిన సిరిసిల్ల పాఠకుడికి ఆ నేల దగ్గరగానే ఉంటుంది. క్లోరీ విశ్వాసం చావదు, సుఖమూ దక్కదు. పుస్తకం పొడవు, కొన్నిచోట్ల సాగదీత. అందుకే దీన్ని మోర్మన్ నవలల్లో రెండోదిగా చదవమంటాను.

మన వైపు పాఠకుడిని తప్పక తాకేది ఇంకొకటుంది. మోర్మన్ కుర్రాళ్లు రెండేళ్లపాటు మతప్రచారానికి ఇల్లు వదిలి దేశాలు పోతారు. జగిత్యాల, కోరుట్ల పిల్లలు గల్ఫ్ వీసా మీద పోతారు. వాళ్లను సంఘం దీవించి పంపుతుంది, వీళ్లను అప్పు పంపుతుంది. కానీ వెనక మిగిలిన తల్లి ఎదురుచూపులో, తిరిగొచ్చినవాడు సొంత ఇంట్లో అపరిచితుడు కావడంలో పెద్ద తేడా లేదు. అశోక్‌కుమార్ గల్ఫ్ నవల ‘ఎడారి మంటలు’ చదివినవాళ్లు ఆ మోర్మన్ ఇళ్లలోకి తేలికగా వెళ్లగలరు.

బ్రాడీ యుడాల్ 2010 నవల ‘ది లోన్లీ పాలిగమిస్ట్’తో మాత్రం మొదలుపెట్టకండి. నలుగురు భార్యలు, ఇరవై ఎనిమిది మంది పిల్లలున్న గోల్డెన్ రిచర్డ్స్ కథ బాగుంటుంది. అయితే ఆ కుటుంబం ప్రధాన సంఘానిది కాదు, బహుభార్యాత్వాన్ని వదలని చీలిక వర్గానిది. ముందే చదివితే కానన్ డాయిల్ వేసిన బొమ్మే మళ్లీ గట్టిపడుతుంది. నవల బరువనిపిస్తే హాల్‌స్ట్రమ్ 2008 పుస్తకం ‘బౌండ్ ఆన్ ఎర్త్’ పట్టుకోండి. ఒకే కుటుంబం చుట్టూ అల్లిన కథలు, మానసిక జబ్బున్న భర్తతో కాపురం నెట్టుకొచ్చే బెత్ అందులో గుర్తుండిపోతుంది. 1966 నుంచి వస్తున్న ‘డైలాగ్’ పత్రిక పాత సంచికలు అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. డబ్బు పెట్టకుండానే ఈ కథల రుచి చూడొచ్చు.

ముందు ‘జిగిరి’ చదవండి. వెంటనే ‘ది బ్యాక్‌స్లైడర్’ తెరవండి. ఆ తర్వాత ‘వతన్’ను మళ్లీ చదవండి, ఈసారి ఆ కథల్లోని మనుషులు తమ దేవుడితో ఏం మాట్లాడుతున్నారో వెతుకుతూ.