అంచలము, ప్రాంతము: రేణు కథలో సరిహద్దు గంజ్

హిందీలోని ‘ఆంచలిక’ నవలను మనవారు ‘ప్రాంతీయ’ నవల యని తెనిగించుకొని చాలకాలమైనది. అనువాదము తప్పని యెవరును అనజాలరు. కాని ఈ రెండు మాటలకును మూలార్థము ఒక్కటే యన్న సంగతిని మనము గమనించినట్లు కానరాదు. సంస్కృతమున అంచలమనగా వస్త్రపు కొస, చీరచెఱగు. ప్రాంతమనగా కూడ మొదట కొస, అంచు అనియే అర్థము. ప్రదేశమను అర్థము పిదప విస్తరించినది. విమర్శలో మనము విస్తరించిన అర్థమును పట్టుకొని మూలార్థమును విడిచితిమి. ఫణీశ్వరనాథ రేణు రచనలను చదువునప్పుడు ఈ విడుపు వలన కలిగిన నష్టము చిన్నది కాదని నా యభిప్రాయము. అతని ప్రసిద్ధ కథయగు ‘తీస్‌రీ కసమ్’ను ఆధారముగా గొని దానిని నిరూపింప యత్నింతును.

రేణు 1921లో నాటి పూర్ణియా జిల్లాలోని ఔరాహీ హింగ్నా గ్రామమున జన్మించినాడు. విద్యాభ్యాసములో కొంతభాగము నేపాలులోని బిరాట్‌నగర్‌లో కోయిరాలా కుటుంబము చెంత జరిగినది. 1950లో రాణాల పాలనపై అచ్చట చెలరేగిన తిరుగుబాటులో అతడు స్వయముగా పాల్గొన్నాడు. అనగా సరిహద్దు అతనికి పటము మీది గీత కాదు, నడచి దాటిన దారి. 1954లో వెలువడిన ‘మైలా ఆంచల్’ పీఠికలో తన పూర్ణియాను పరిచయము చేయుచు, దానికి ఒకవైపు నేపాలు, మరియొకవైపు పాకిస్తానును పశ్చిమ వంగమును ఉన్నవని చెప్పినాడు. (ఆ పాకిస్తాను 1971 నుండి బంగ్లాదేశమైనది.) తన సీమలో ఏమి పండునో, ఏ భాష పలుకుదురో చెప్పుటకు ముందే అది వేని అంచున నున్నదో చెప్పిన రచయిత యితడు. ఆ పీఠికను ఆంచలిక నవలా లక్షణమునకై ఉదాహరించువారు ఈ వాక్యమును భూగోళ సమాచారముగా నెంచి దాటిపోవుట వింత.

కథకు కేంద్రమైన ఫార్‌బిస్‌గంజ్ నేపాలు సరిహద్దునకు దక్షిణమున పది పండ్రెండు కిలోమీటర్ల దూరములో నున్న వర్తకపుటూరు. 1990లో పూర్ణియా నుండి విడివడిన అరరియా జిల్లాలో నేడది చేరియున్నది. పేరులోని మొదటి సగము ఫోర్బ్స్ అను తెల్లదొర భూస్వామిది. రెండవ సగమైన ‘గంజ్’ పారసీక పదము. మొదట ధనాగారమని, పిమ్మట ధాన్యాదులు అమ్ముడగు తావని అర్థము. తెలంగాణమున ధాన్యపు మార్కెట్టును నేటికిని గంజ్ అనియే వ్యవహరించుచుండుటచే మనకు దీనికి వ్యాఖ్య యక్కరలేదు. ఉత్తరమున జోగ్‌బనీ, ఆవల బిరాట్‌నగర్. నేపాలులో మొట్టమొదటి జనపనార మిల్లు 1936లో వెలసినది ఆ బిరాట్‌నగర్‌లోనే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1943లో, మన దేశమున నూలుబట్టపై ప్రభుత్వ నియంత్రణ వచ్చినది. ఆ నియంత్రణ యెల్ల వరకే చెల్లును. ఎల్ల దాటిన బట్టకు వేఱొక వెల. ఆ రెండు వెలల నడుమ బండి తోలి బ్రదుకువాడు మన కథానాయకుడు హీరామన్.

‘ఠుమ్‌రీ’ (1959) అను సంపుటమున చేరిన యీ కథను పాఠకులు సామాన్యముగా ఫలింపని ప్రేమకథగా చదువుదురు. నలుబదేండ్ల పల్లెటూరి బండివాడు నౌటంకీ కంపెనీ నటియగు హీరాబాయిని ఒక మేళా నుండి మరియొక మేళాకు తీసికొనిపోవును, దారిలో ఆమెపై మనసు పడును, ఆమె వెడలిపోవును. 1966లో బాసు భట్టాచార్య దర్శకత్వమున కవి శైలేంద్ర నిర్మించిన చలనచిత్రము ఈ పఠనమును స్థిరపఱచినది. సంభాషణలు రేణువే వ్రాసినాడు గాన చిత్రము కథకు ద్రోహము చేసినదని నేననను. కాని రాజ్‌కపూర్, వహీదా రెహమానుల ముఖములు మన కన్నులలో నిలిచిన తరువాత, కథకు పేరెందులకు ‘మూడవ ఒట్టు’ అని పెట్టవలసివచ్చినదో అడుగుట మానితిమి. మూడవదానికి ముందు రెండున్నవి గదా. ఆ రెండును ప్రేమకు సంబంధించినవి కావు.

మొదటి ఒట్టు కథ యిది. కంట్రోలు రోజులలో హీరామన్ సిమెంటును బట్టల మూటలను జోగ్‌బనీ నుండి బిరాట్‌నగర్‌కు నాలుగు మారులు చేరవేసినాడు. దొంగ వర్తకులు అతనిని గట్టి బండివాడని మెచ్చిరి. పెద్ద సేటు స్వయముగా అతని యెడ్లను పొగడెను. ఐదవమారు బండి పట్టువడినది. మూటల నడుమ నక్కియున్న గుమాస్తా దారోగాతో లంచము బేరమాడుచుండగా, హీరామన్ చీకటిలో మెల్లగా ఎడ్లను విప్పి, బండిని అచ్చటనే విడిచి, వానితో అడవిబడి పాఱిపోయినాడు. ఇకమీద దొంగసరకు మోయనని ఒట్టు. ఈ ఘట్టమును హాస్యముగా చదువుట కలదు. హాస్యమున్న మాట నిజమే. కాని అతడు విడిచినదేమి, నిలుపుకొన్నదేమి? బండి యనునది బాడుగ సాధనము, అది పోయినది. ఎడ్లు అతనికి మాటలాడుకొను తోడు, అవి దక్కినవి. సరకునకును ప్రాణికిని నడుమ అతడు మొదటిసారి గీత గీచినది దేశపు సరిహద్దు మీదనే.

ఈ ఘట్టమును ‘మైలా ఆంచల్’లోని బావన్‌దాస్ మరణము ప్రక్కన పెట్టి చదువవలెను. పొట్టివాడైన ఆ గాంధేయవాది, గాంధీజీ శ్రాద్ధ దినమున, పాకిస్తాను సరిహద్దు దాటబోవు దొంగసరకు బండ్లకు అడ్డముగా నిలుచును. బండ్లు ఆగవు, అతని మీదుగా నడచును. శవమును ఈవలివారు ఆవలికి నెట్టుదురు. ఆవలివారు తమకీ గొడవ యేల యని వదలించుకొందురు. తుదకు అతని సంచి చెట్టుకొమ్మకు వ్రేలాడగా, అదేదో పీరు స్థానమని జనులు గుడ్డపీలికలు కట్టి మ్రొక్కుదురు. ఇంతటి భయానకమైన దృశ్యము, ఇంతటి నిర్దయమైన వ్యంగ్యము ఆ దశాబ్దపు భారతీయ నవలలో అరుదు. ఇందు నన్ను వెంటాడు ప్రశ్న యొకటి: ఆ బండ్లు తోలినవారెవరు? నవల వారి మనసులోనికి పోలేదు. సరకు యజమాని మీదనే దాని చూపు. ‘తీస్‌రీ కసమ్’ ఆ బండ్లలో ఒకదాని నొగ మీద కూర్చున్నవాని కథ. ఎల్ల వేఱు, నేపాలు వైపుది. సరకు అదే, బేరము అదే. హీరామన్ వీరుడు కాడు, బండికి అడ్డముగా నిలువలేడు; ఎడ్లను విప్పుకొని పోగలడు. నవల యడుగని ప్రశ్నకు కథ యిచ్చిన సమాధానముగా దీనిని చదువవచ్చునని నా మనవి.

రెండవ ఒట్టు వెదురు మోయనని. బండికి ముందును వెనుకను పొడుచుకొనివచ్చిన వెదుళ్లు పట్టణపు వీథిలో గుఱ్ఱపుబండికి తగిలి, హీరామన్ కొరడాదెబ్బ తిన్నాడు. చిన్న ఘట్టము, పల్లెబండి పట్టణ వీథిలో ఇముడదని మాత్రము చెప్పి రేణు ముందుకు సాగినాడు.

ఇక మూడవది. హీరాబాయి బండి యెక్కినది అమ్ముడగు కళతో. ఒక కంపెనీ విడిచి వేఱొక కంపెనీకి పోవుచున్నది. కొత్త గూడుబండిలో తెర వాలగానే హీరామన్‌కు ఆమె సరకు కాదు. ఆమెను ఎవరి కంటను బడనీయడు, దారినపోవువారడిగిన అబద్ధములాడును, పేర్లు కలిసినవని ఆమె ‘మీతా’ యనగా మురియును. ఈ ప్రయాణము కథలో సగమునకు పైగా ఆక్రమించుట రచనాదోషమని ఒకరు నాతో వాదించిరి. నేను ఒప్పుకొనలేదు. గంజ్ చేరువరకే ఆమె మనిషిగా నుండగలదు. కావుననే రచయిత దారిని సాగదీసినాడు. ఊరు చేరిన వెంటనే చాటింపు, కరపత్రములు, డబ్బునుబట్టి తరగతులు. డేరాలో ఎవడో ఆమెను తూలనాడగా బండివాండ్రు కలియబడుదురు. వారు రక్షింపజూచిన గౌరవము అచ్చట టిక్కెట్టుతోబాటు అమ్ముడైపోయినదన్న సంగతి వారికి తెలియదు.

దారిలో హీరామన్ ఆమెకు మహువా ఘట్వారిన్ గాథ చెప్పును. సవతితల్లి ఆ పిల్లను ఒక వర్తకునకు అమ్మివేయగా, ఆమె పడవ నుండి నదిలోనికి దూకును. హీరామన్ ఈ గాథను ప్రేమగాథగా పాడును. హీరాబాయి క్రయగాథగా వినును. తుదను రైల్వే స్టేషనులో ఆమె అతడు దాచుకొనుమని యిచ్చిన డబ్బుసంచి తిరిగి యిచ్చి, మహువాను వర్తకుడు కొనివేసినాడని చెప్పును. శాలువ కొనుక్కొమ్మని తన రూకలు చూపగా అతడు నొచ్చుకొనును. ఎప్పుడును డబ్బు మాటయేనాయని. గంజ్ ధర్మమును ఎఱిగినది ఆమె యొక్కతెయే. నాయికను దుఃఖమూర్తిగా మాత్రమే చూచు విమర్శకులు ఆమె వివేకమునకు అన్యాయము చేయుచున్నారు. రేణువు కూడ ఆమె నిర్ణయపు వెనుకటి మథనమును మఱికొంత చూపియుండవలసినది. ఆ కొఱత యీ కథలో కలదు.

ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పవలెను. సరిహద్దు కథలో ఒకటి రెండు పుటలకు మించి లేదు గదా, దానికింత ప్రాధాన్యమేల యని యడుగవచ్చును. పుటల లెక్కకన్న మాటల లెక్క యిచ్చట మేలు. కంట్రోలు, కంపెనీ, పాసు: హీరామన్ లోకమును కలచినవన్నియు గంజ్ ద్వారమున దిగుమతియైన మాటలే. ‘మైలా ఆంచల్’లో డాక్టరు ‘డాగ్‌డర్’ అయినట్టి రూపములను పట్టికగా వ్రాసి, మాండలిక సౌందర్యమని శీర్షిక పెట్టి, అధ్యాయము ముగించిన సిద్ధాంత వ్యాసములను నేను చూచితిని. విద్యార్థిదశలో అట్టి పట్టిక నొకదానిని నేనును కూర్చితిని గాన నిందించు అధికారము నాకంతగా లేదు. కాని ఆ మాట ఏ దారిని వచ్చినది, ఎవని బండిపై వచ్చినది, రాగానే దేని వెల మార్చినది అని యడుగని పట్టిక నిఘంటువు కాగలదు గాని విమర్శ కానేరదు. మన భాషలోని మాండలిక నవలలపై పరిశోధింపబూనువారు పలుకుబడుల జాబితాకు ముందు ఆ ఊరి సంతదారిని గుర్తింపగోరెదను.

రైలు కదలినది. మేళా యింకను ముగియలేదు, తోటి బండివాండ్రు ఉండిపోదురు. హీరామన్‌కు మాత్రము ఆ మేళా బోలుగా తోచినది. ఖాళీ గూడువైపు ఒకమారు తిరిగి చూచి, కంపెనీ ఆడుదానిని ఇకమీద బండి నెక్కించుకొననని ఒట్టు పెట్టుకొని, అతడు బండిని తన యూరివైపు మఱల్చినాడు.