సర్జన్ మెడ సంగతేమిటి?

తెగిన వేలిని అతికించే సర్జన్ చేతిలోని దారం తలవెంట్రుకలో సగం మందం కూడా ఉండదు. ఆపరేషన్ థియేటర్లో దాన్ని టెన్ జీరో అంటారు. మిల్లీమీటరు వెడల్పున్న రక్తనాళం కొసలు రెండింటినీ కలపడానికి ఆ దారంతో చుట్టూ ఆరో ఎనిమిదో కుట్లు వేస్తారు. సూది పొరపాటున అవతలి గోడను కూడా పట్టేసిందంటే నాళం మూసుకుపోతుంది. మైక్రోస్కోప్ ఐపీస్‌కు కళ్లు ఆనించి గంటల తరబడి చేసే పని ఇది.

అంతసేపూ ఆ మెడ ఏమవుతోంది? ఈ ప్రశ్నను వైద్యరంగం చాలా ఆలస్యంగా పట్టించుకుంది.

స్టాక్‌హోమ్‌లో చెవి వైద్యుడు కార్ల్ నైలెన్ 1921లో చెవి ఆపరేషన్‌కు వాడిన మైక్రోస్కోప్‌లో ఒక్క కంటితోనే చూడాలి. మరుసటేడే గున్నార్ హోల్మ్‌గ్రెన్ రెండు కళ్లతో చూసేదాన్ని వాడాడు. 1960లో అమెరికాలోని బర్లింగ్‌టన్‌లో జాకబ్సన్, సువారెజ్ అనే సర్జన్లు సన్నని నాళాలను మైక్రోస్కోప్ కింద కుట్టి చూపారు. చూపు పదునెక్కుతూ వచ్చింది. కానీ చూసే మనిషే యంత్రానికి తగ్గట్టు ఒళ్లు వంచుకోవాల్సి వచ్చింది.

గాజీ యాసర్గిల్ దీన్ని తిరగేసి ఆలోచించాడు. బర్లింగ్‌టన్‌లో నాళాలు కుట్టడం నేర్చుకుని జ్యూరిక్ వెళ్లిన న్యూరోసర్జన్ ఆయన. మైక్రోస్కోప్‌ను కాస్త జరపాలన్నా చేతిలో పరికరం వదలాల్సిందే కదా! అందుకే బరువులతో తూకం కుదిర్చి, విద్యుదయస్కాంత బ్రేకులతో నిలబడే స్టాండ్‌ను తయారుచేయించాడు. నోటి దగ్గరి స్విచ్‌తో బ్రేకులు వదిలితే మైక్రోస్కోప్ నోటితోనే కదులుతుంది. చేతులు రెండూ మెదడు దగ్గరే ఉంటాయి. సర్జన్ వెసులుబాటు రోగి క్షేమంలో భాగమని చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

అయినా తలకు మాత్రం ఐపీస్ నుంచి విడుదల దొరకలేదు. శుక్లం ఆపరేషన్ చేసే డాక్టర్‌ను గమనించండి. రోగి తలవైపు కూర్చుంటారు. చేతుల అంచులు రోగి నుదుటి మీద ఆని ఉంటాయి. ఒక పాదం మైక్రోస్కోప్ పెడల్ మీద, రెండోది శుక్లాన్ని ముక్కలుచేసి తీసే ఫేకో మెషిన్ పెడల్ మీద. కళ్లు ఐపీస్‌లో. చెయ్యీ కాలూ తలా ఏదీ ఇష్టానికి కదపడానికి లేదు. ఒక్కో కేసు కొద్ది నిమిషాలే. కానీ వరసగా రోజంతా చేసినప్పుడు మెడా నడుమూ పట్టేస్తాయి.

ఎక్సోస్కోప్ ఈ కట్టు విప్పింది. కెమెరా పైన ఉంటుంది, దృశ్యం ఎదురుగా తెరపై పడుతుంది. 2016లో కంటి ఆపరేషన్లకు ఆల్కాన్ ఎన్‌జెన్యుటీ, మరుసటేడు 55 అంగుళాల త్రీడీ తెరతో ఒలింపస్ ఆర్బ్‌ఐ వచ్చాయి. త్రీడీ కళ్లద్దాలు పెట్టుకుని సర్జన్ తలెత్తి పనిచేయవచ్చు. పక్కనున్న పీజీ విద్యార్థికీ అదే లోతు కనిపిస్తుంది.

అయితే తెర కొంటే సరిపోదు. దాన్ని ఓ పక్కకు పెడితే మెడ మళ్లీ అటే తిరగాలి. ఎదురుగా కూర్చున్న అసిస్టెంట్‌కు ఇంకో తెర కావాలి. ఖరీదు కూడా ఎక్కువే. ఖర్చులేని పని మాత్రం ప్రతి థియేటర్లోనూ చేయొచ్చు: చేతులు కడుక్కునే ముందే కుర్చీ ఎత్తు, టేబుల్ ఎత్తు, ఐపీస్ వాలు, రెండు కళ్ల మధ్య దూరం సరిచూసుకోవడం. పొడగరి సీనియర్ అమర్చిన సీట్లోనే పొట్టి జూనియర్ సర్దుకోవాలనడం అన్యాయం. కోడి తొడలోని నాళాల మీద తొలి కుట్లు నేర్పే శిక్షణలోనే, సూది పట్టించే ముందు, ఈ అమరికను నేర్పాలి, పరీక్షలో దీనికీ మార్కులు వేయాలి.