శిలాజపు గుల్లలు – వయోనిర్ణయము

జీవి గతించినను దాని గుల్లలో ఎమైనో ఆమ్లములు చిరకాలము నిలుచునని ఫిలిప్ ఎబెల్సన్ 1954లో చూపెను. మాంసకృత్తుల గొలుసులు తెగును. వామరూపపు అణువులు క్రమముగా దక్షిణరూపమును దాల్చగా, తుదకు రెండును సమస్థితి నందును. ఈ నిష్పత్తినిబట్టి వయస్సు గణించుట ఘనమైన యూహయే. కాని ఈ గడియారమును నడపునది కాలమొక్కటియే కాదు. వేడిమి హెచ్చినకొలది అది వడిగా తిరుగును. 1970 దశకమున ఈ పద్ధతినే ఎముకలకు వర్తింపజేసి, కాలిఫోర్నియాలో దొరికిన మానవాస్థులు కొన్నింటికి 70,000 ఏండ్ల వరకు వయస్సు కట్టిరి. తరువాతి దశకపు రేడియోకార్బన్ పరీక్షలలో అవి కొలది వేల ఏండ్లవేయని తేలినది. కొలబద్దగా గొన్న ఎముక వయస్సే తప్పుట ఇందులకొక కారణము. కావున ఒకే ప్రాంతపు, ఒకే జాతి గుల్లలను పోల్చి, స్ఫటికములలో చిక్కిన కృత్తులనే పరీక్షించి, వేరొక సాక్ష్యముతో సరిచూచుకొన్న ఫలితమే నమ్మదగినది.