ఉద్దానం రక్తం, యూనివర్సిటీ లెక్క

పరిశోధన వల్ల సమాజానికి ఏం ఒరిగిందని అడిగితే మన యూనివర్సిటీలు అచ్చయిన పేపర్ల లెక్క చూపిస్తాయి. 2016 నుంచి వస్తున్న కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగుల్లో పరిశోధనకి మార్కులు పడేది ప్రధానంగా పేపర్లకీ, పేటెంట్లకీ, తెచ్చిన నిధులకీ. ఎవరి మీద పరిశోధన జరిగిందో వాళ్ళని అడిగే గడి ఆ మార్కుల్లో లేదు.

ఈ లెక్కని శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పెట్టి చూద్దాం. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఇరవై ఏళ్ళకి పైగా మనుషుల్ని తినేస్తోంది. 2019లో, 2020లో వెలువడ్డ రెండు సర్వేలు పరీక్ష చేసిన పెద్దవాళ్ళలో దాదాపు ఐదో వంతు మందికి ఈ జబ్బుందన్నాయి. బృందాలొచ్చాయి. నీళ్ళు, మట్టి, రక్తం, మూత్రం పట్టుకెళ్ళాయి. సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు, నొప్పిమాత్రలన్నారు. కారణం మాత్రం ఇంకా తేలలేదు.

తేలకపోవడం నేరమని మేం అనడం లేదు. శ్రీలంకలోనూ, మధ్య అమెరికా చెరకు తోటల్లోనూ ఇలాంటి జబ్బే ఇంకా పూర్తిగా అంతుబట్టలేదు. మా ప్రశ్న వేరే. రక్తమిచ్చిన కూలి మనిషికి తన క్రియాటినిన్ ఎంతో, అదంటే ఏంటో తెలుగులో ఎవరు చెప్పాలి? అది పరిశోధనలో భాగమా, లేక దయా? పేపరు ఇంగ్లీషులో అచ్చవడంతోనే పని ముగిసిందనుకునే పద్ధతి మనిషిని శాంపిల్‌గానే చూస్తుంది.

ఉద్దానానికి డయాలసిస్ కేంద్రాలు, రోగులకు పెన్షన్లు, 700 కోట్ల మంచినీటి పథకం, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి వచ్చాయి. వీటిని ఏ పేపరు ఖాతాలో వేద్దాం? పరిశోధకుల అంకెలు ఉపయోగపడ్డాయి, కాదనం. కానీ వాటిని రాజకీయ ప్రశ్నగా మార్చింది గొంతెత్తిన రోగులూ, ప్రజాసంఘాలూ. బ్రిటన్ మూల్యాంకనంలో సామాజిక ప్రభావానికి 2014లో 20 శాతం, 2021లో 25 శాతం మార్కులిచ్చారు. అక్కడ ఆ ప్రభావ కథనాన్ని యూనివర్సిటీయే రాసి పంపుతుంది. దాన్ని యథాతథంగా తెచ్చుకుంటే జనం సాధించుకున్నది ప్రొఫెసరు బయోడేటాలోకి పోతుంది.

ఇక కులం. నీళ్ళలో సిలికా కొలిచినంత శ్రద్ధగా తోట ఎవరిదో, కూలి ఎవరిదో, కుళాయి ఏ వాడకి చివరొచ్చిందో, డయాలసిస్ రోజు ఎవరి కూలి పోతోందో కూడా కొలవాలి. 'వృత్తి: వ్యవసాయం' అని రాసి ఊరుకుంటే భూమి ఉన్నవాడూ లేనివాడూ ఒకే గడిలో కలిసిపోతారు. అలా కలిపేస్తే ఏం కనబడకుండా పోతుందో ఇప్పుడు విజయనగరం జిల్లాలో ఉన్న లక్ష్మీపేట చెబుతుంది. 2012 జూన్ 12న మడ్డువలస రిజర్వాయరు కింద సేకరించిన భూముల సాగు తగాదాలో తూర్పు కాపుల దాడికి ఐదుగురు దళితులు బలయ్యారు. ఇరువైపులా ఉన్నది వ్యవసాయం చేసేవాళ్ళే. కులం అడగని సర్వేకి ఆ హత్యలు అర్థం కావు.

కాబట్టి మేం కోరేది మూడే. ఫలితాలు తెలుగులో, ఊరి సభలో చెప్పాలి. కులాన్నీ భూమినీ ప్రతి సర్వేలో లెక్కించాలి. పరిశోధనకి మార్కులేసే కమిటీలో ఆ ఊరి కూలీలూ, రోగులూ కూర్చోవాలి. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న యూనివర్సిటీ 2008 నుంచి ఎచ్చెర్లలో ఉంది. ఈ కొలబద్దని ముందు అక్కడే పెట్టి చూడండి.