పొగలో కనబడని దారం

వన్యప్రాణుల చిత్రం అనగానే మనకు అడవి, పులి, ఏనుగుల మంద గుర్తుకొస్తాయి. శౌనక్ సేన్ దర్శకత్వం వహించిన ‘ఆల్ దట్ బ్రీద్స్’ డాక్యుమెంటరీ మాత్రం ఢిల్లీలో రాత్రివేళ చెత్త మీద తిరుగాడే ఎలుకలతో మొదలవుతుంది. నగరం కూడా ఒక ఆవాసమే అన్న సంగతిని మాటల్లో చెప్పకుండా, మొదటి దృశ్యంలోనే చూపిస్తుంది. 2022లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రపంచ డాక్యుమెంటరీ విభాగపు గ్రాండ్ జ్యూరీ బహుమతినీ, అదే ఏడాది కాన్ ఉత్సవంలో ‘గోల్డెన్ ఐ’ బహుమతినీ గెలుచుకుని, 2023లో ఆస్కార్ తుది పోటీ దాకా వెళ్ళిన చిత్రమిది. సినిమాగా దీని గొప్పతనం గురించి ఇప్పటికే చాలామంది రాశారు. సైన్సు మీద ఆసక్తి ఉన్న పాఠకుడు దీన్ని ఎలా చూడాలన్నదే ఇక్కడ మన ప్రశ్న.

నేలమాళిగలో ఆసుపత్రి

ఉత్తర ఢిల్లీలోని వజీరాబాద్‌లో నదీమ్ షెహజాద్, మొహమ్మద్ సవూద్ అనే అన్నదమ్ములు ఉన్నారు. ద్రవరూప సబ్బు డిస్పెన్సర్లు తయారుచేసే చిన్న పరిశ్రమ వాళ్ళ జీవనాధారం. ఆ పని జరిగే నేలమాళిగలోనే గాయపడ్డ నల్ల గద్దలకు వైద్యం కూడా చేస్తారు. కుర్రతనంలో వాళ్ళు ఒక గద్దను పక్షుల ఆసుపత్రికి తీసుకువెళితే, అది మాంసాహారి కనుక చేర్చుకోలేమన్నారట. వ్యాయామశాలలో కండలు పెంచే రోజుల్లో కండరాలూ, స్నాయుబంధనాల గురించి తెలుసుకున్నది పక్షి రెక్కకు కట్టు కట్టడంలో అక్కరకొచ్చింది. 2010లో ‘వైల్డ్‌లైఫ్ రెస్క్యూ’ అన్న సంస్థను స్థాపించారు. సాలిక్ రెహమాన్ అనే యువకుడు వాళ్ళకు సహాయకుడు. ఇన్నేళ్ళలో వాళ్ళ చేతుల మీదుగా వైద్యం పొందిన పక్షులు వేలల్లో ఉన్నాయి.

సేవాభావాన్ని తెరకెక్కించేటప్పుడు కన్నీళ్ళు తెప్పించడం తేలిక. సేన్ ఆ దారి పట్టలేదు. మాంసం తరిగే యంత్రం మొరాయించడం, వాననీరు నేలమాళిగలోకి రావడం, విరాళాల కోసం నింపాల్సిన కాగితాలు, అన్నదమ్ముల మధ్య చిరాకులు, అన్నీ చిత్రంలో ఉన్నాయి. గాయపడ్డ ఒక గద్ద కోసం చలిలో యమునను ఈది దాటే ఘట్టంలో కూడా వీరత్వం కంటే ఆయాసమే ఎక్కువ కనబడుతుంది. పక్షులను కాపాడే పని ఇలాగే ఉంటుంది మరి. ఆవేశం ఒక్క రోజుకు సరిపోతుంది, మిగతా ఏడాదంతా గడవాలంటే మాంసమూ, మందులూ, ఓపికా కావాలి.

చిత్రం సరిగ్గా పట్టుకున్న శాస్త్రవిషయం మరొకటి ఉంది. గద్దకూ మనిషికీ మధ్య ఉన్న బంధం ఆహారబంధం. పాత ఢిల్లీలో గద్దలకు మాంసం ముక్కలు విసరడం ముస్లింలలో పుణ్యకార్యం. నిశాంత్ కుమార్, ఆయన సహచరులు ఢిల్లీ గద్దల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసి, ఈ అలవాటుకూ వీధుల్లో పేరుకునే చెత్తకూ గద్దల గూళ్ళకూ దగ్గరి సంబంధం ఉందని 2018లో ప్రకటించారు. అంటే ఒక మతాచారం ఒక పక్షి జనాభాను ప్రభావితం చేస్తోందన్నమాట. 2020 నాటి మత ఉద్రిక్తతల నీడను దర్శకుడు చిత్రం అంచుల్లో ఉంచడం ఈ కారణంగానే అతికినట్టు అనిపిస్తుంది. ఆ పేటల్లో మనుషుల బతుకు చెదిరితే, ఆ దెబ్బ గద్దలకూ తగులుతుంది.

గాయం దేనివల్ల?

ఇక లోటు సంగతి. చిత్రం నిండా పొగే. మసకబారిన ఆకాశం, నేలకూలిన గద్ద, ఈ రెండూ పదే పదే పక్కపక్కన కనబడేసరికి, గాలిలోని విషమే పక్షులను కూలుస్తోందని ప్రేక్షకుడికి అనిపిస్తుంది. విదేశీ సమీక్షలు కొన్ని అదే మాట రాశాయి కూడా. కాలుష్యం ఏ ప్రాణికీ మేలు చేయదు, నిజమే. కానీ వజీరాబాద్ నేలమాళిగకు చేరే గద్దల్లో చాలా భాగాన్ని కోసింది గాలిపటాల మాంజా. చిత్రంలో పొగకు దక్కిన చోటులో కొద్దిపాటి కూడా ఈ దారానికి దక్కలేదు.

దారం ఎలా కోస్తుందో చూడండి. పక్షి భుజం నుంచి మణికట్టు దాకా రెక్క ముందంచున పలుచని చర్మపు పొర ఒకటి ఉంటుంది. దాని అంచు వెంబడి సాగే స్నాయుబంధనం ఒకటి పోతుంది. రెక్క చాచినప్పుడు గాలిని చీల్చే అంచు ఇదే. గాజుపొడి పూసిన దారం ముందుగా తగిలేదీ ఇక్కడే. పక్షి పెనుగులాడేకొద్దీ దారం రంపంలా లోపలికి దిగుతుంది. గాయం తాజాగా ఉంటే కుట్లు వేయవచ్చు. చెట్టుకు వేలాడి రెండు మూడు రోజులైతే ఎముకా, స్నాయుబంధనమూ ఎండిపోతాయి, కీలు బిగుసుకుంటుంది. బతికినా ఎగరలేదు. నూలు దారమైతే కొన్నాళ్ళకు చివుకుతుంది. నైలాన్ దారం చివకదు, పండుగ అయిపోయినా కొమ్మల్లోనే కాచుకుని ఉంటుంది.

ఢిల్లీలో గాలిపటాల పండుగ ఆగస్టు 15. ఆ ఏడాది పుట్టిన గద్ద పిల్లలు అప్పటికి ఎగరడంలో ఇంకా కొత్త. నైలాన్ దారాన్నీ, గాజు పూసిన దారాన్నీ ఢిల్లీ ప్రభుత్వం 2017 జనవరిలో నిషేధించింది. అదే ఏడాది జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ సింథటిక్ మాంజాను దేశమంతటా నిషేధించింది. తెలంగాణలోనూ నిషేధం ఉంది. అయినా 2024 సంక్రాంతికి హైదరాబాదులో మోటారు సైకిలు మీద పోతున్న ఒక సైనికుడి గొంతు మాంజాకు తెగి ప్రాణం పోయింది. పొగ నుంచి బయటపడాలంటే ప్రభుత్వాలకు ఏళ్ళు పడుతుంది. దారాన్ని ఆపడానికి అంతకాలం అక్కర్లేదు. అందుకే ఈ రెండింటినీ ఒకే మసకలో కలిపేయడం చిన్న పొరపాటు కాదు. తీర్చగలిగిన బాధ తీర్చలేని బాధగా కనబడుతుంది, ప్రేక్షకుడు నిట్టూర్చి ఊరుకుంటాడు.

మామూలు పక్షికి ఇంత శ్రమ ఎందుకు?

నల్ల గద్ద అంతరించిపోయే జాతి కాదు. గలూషిన్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు 1971లో ప్రచురించిన లెక్క ప్రకారం ఢిల్లీలో చదరపు కిలోమీటరుకు సుమారు 16 జతల గద్దలు గూళ్ళు కట్టేవి. నాలుగు దశాబ్దాల తర్వాత కుమార్ బృందానికి కూడా దాదాపు అదే సాంద్రత కనిపించింది. అలాంటప్పుడు ఒక్కొక్క పక్షికి కుట్లు వేయడం సంరక్షణ అవుతుందా అని జీవశాస్త్రజ్ఞుడు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. చిత్రం దీన్ని ముట్టుకోలేదు.

జవాబు గలూషిన్ లెక్కలోనే ఉంది. ఆనాడు ఢిల్లీ చెట్ల మీద రాబందులు కూడా గూళ్ళు కట్టేవి. అవీ మామూలు పక్షులే. 1992 నుంచి 2007 వరకు పదిహేనేళ్ళలో మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. పశువులకిచ్చే డైక్లోఫినాక్ మందే కారణమని 2004లో తేలింది, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. అప్పటికే ఆలస్యమైపోయింది. సర్వసాధారణమైన పక్షిని ఎవరూ లెక్కపెట్టరు, ఎందుకు చచ్చిపోతోందని అడగరు. మనం నేర్చుకోవలసిన పాఠం అదే.

కనుక గాయపడ్డ పక్షులను చేర్చుకునే కేంద్రం ఆసుపత్రి మాత్రమే కాదు, నగరపు ఆరోగ్యాన్ని కనిపెట్టి ఉండే కాపలా కేంద్రం కూడా. ఏ పేట నుంచి, ఏ తేదీన, ఏ గాయంతో పక్షి వచ్చింది. దారమా, కరెంటు తీగా, విషమా. వదిలాక ఎంతకాలం బతికింది. ఇవన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కితే, నిషేధం అమలవుతోందో లేదో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. జాలి ఒక పక్షిని నిలబెడుతుంది, ఆ పుస్తకం రాబోయే పక్షులను నిలబెడుతుంది. సేన్ కెమెరా పక్షులను తెచ్చిన అట్టపెట్టెల మీద ప్రేమగా నిలిచింది. పెట్టెలోకి పక్షి ఎలా వచ్చిందన్న ప్రశ్న దగ్గర మాత్రం తొందరగా కదిలిపోయింది.

ఈ లోటుతోనే అయినా ఇది తప్పక చూడవలసిన చిత్రం. పిల్లలకు చూపించండి. చూశాక ఆ గద్ద రెక్కను కోసింది ఏమిటని వాళ్ళను అడగండి. పొగ అని జవాబిస్తే, సంక్రాంతి మర్నాడు మీ వీధి చివర చెట్టు దగ్గరకు తీసుకువెళ్ళి, కొమ్మల్లో చిక్కుకున్న దారాన్ని చూపించండి. అందినంత మేర తీసి, ముక్కలుగా కత్తిరించి పారేయండి.