తరుగు కింద రాయొద్దు

మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేసేవారు. రాత్రి భోజనాలయ్యాక చాప మీద చిట్టా, ఆవర్జా పరుచుకుని కూర్చునేవారు. ఎడం పక్క వచ్చిన ధాన్యం. కుడి పక్క బియ్యం, నూక, తవుడు, ఊక. వంద కిలోల ధాన్యానికి 67 కిలోల బియ్యం అప్పజెప్పాలన్నది ప్రభుత్వం పెట్టిన లెక్క. మిగిలిన 33 కిలోల్లో ఊకెంత, తవుడెంత, ఆరిపోయిన తేమెంత, ప్రతి కిలో ఏదో ఒక గడిలో పడాలి.

చివరి గడి పేరు తరుగు. నిల్వ ఉన్న ధాన్యం ఆరి బరువు తగ్గుతుంది కనక దానికోసం పెట్టిన గడి. లెక్క తేలని రోజున తేడా మొత్తాన్ని తెచ్చి ఆ గడిలో పడేసి పుస్తకం మూసేయడం సులువు. నాన్నగారు ఆ పని చేసేవారు కారు. తేమ ఎంతో విడిగా కొలిపించి అంతే తరుగు రాసేవారు. ఇంకా మిగిలితే దాని కింద గీత గీసి ‘తేలనిది’ అని రాసేవారు. “తరుగు కింద రాసేస్తే లెక్క తేలుతుందమ్మాయ్, గింజ దొరకదు” అనేవారు. మర్నాడు ఆ తేలనిదాని వెంటపడేవారు. ఒకసారి కాటా తప్పు చూపుతోందని తేలింది. ఇంకోసారి తవుడు గొట్టానికి చిల్లు పడి గోడ వెనక కుప్పపోసి ఉంది.

ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్న పని కూడా ఆ చిట్టా రాయడమే. మాది హైదరాబాద్‌లో ఫెర్మెంటేషన్. బ్యాక్టీరియానో ఈస్టునో పెద్ద పెద్ద స్టీలు ట్యాంకుల్లో పెంచి, వాటి చేత మందులో వాడే ప్రోటీన్లు చేయిస్తాం. ఇదే ఊళ్లో శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా కూడా ఇలాంటి ట్యాంకులో, ఈస్టు కణాల్లో తయారైందే. ట్యాంకు లోపల ఏం జరుగుతుందో ముందే లెక్కగట్టి చెప్పడం నా వంతు. దీన్నే గణిత మోడలింగ్ అంటారు. ఆ లెక్కను కంప్యూటర్లో నిమిషం నిమిషం నడిపి చూస్తే సిమ్యులేషన్. పేర్లు పెద్దవి కాని మూలసూత్రం చిట్టాలోదే. వచ్చినదానికి పుట్టింది కలిపి, పోయింది తీసేస్తే నిల్వ. చక్కెరకొక ఖాతా, ఆక్సిజన్‌కొక ఖాతా, కణాలకొకటి, వేడికొకటి. ఒక ఖాతాలో ఖర్చు రాసింది ఇంకో ఖాతాలో జమగా కనబడాలి.

ఈ ఖాతాలు లేకుండా ఊహకు వదిలేస్తే ఏమవుతుందో చూడండి. ఈ.కోలై బ్యాక్టీరియాకు తిండి బాగా దొరికితే ఇరవై నిమిషాలకోసారి రెండింతలవుతుంది. రోజుకు 72 సార్లు. ఒక కణం బరువు గ్రాములో లక్ష కోట్లవ వంతు అనుకుందాం. ఒక్కటంటే ఒక్క కణంతో మొదలుపెట్టి 72 సార్లు రెట్టింపు చేస్తే మర్నాడీ వేళకు సుమారు 4,700 టన్నులు రావాలి. ఎప్పుడూ రాదు. ఎందుకు రాదో చెప్పేదే మోడల్.

మొదటి జవాబు ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ మొనో ఇచ్చారు. జర్మన్ సేనల అధీనంలో ఉన్న పారిస్‌లో, 1942లో అచ్చయిన ఆయన పరిశోధన గ్రంథంలో ఉందది. చక్కెర పుష్కలంగా ఉంటే పెరుగుదల ఒక గరిష్ఠ వేగం దగ్గర ఆగుతుంది. చక్కెర తగ్గే కొద్దీ వేగమూ తగ్గుతుంది. ఆ గరిష్ఠ వేగం ఒక అంకె. ఎంత చక్కెర దగ్గర వేగం సగానికి పడిపోతుందో అది రెండో అంకె. కణం లోపల జరిగే వేల చర్యలను రెండంకెల్లో పట్టి చూపారు. ఆ వక్రరేఖ ఆయన ప్రయోగాల్లో చూసి గీసినదే తప్ప కణం లోపలి యంత్రాంగం నుంచి రాబట్టినది కాదు. ఎనభై ఏళ్లు దాటినా నేను ఏ కొత్త బ్యాచ్ లెక్క మొదలుపెట్టినా ఆ రెండంకెలతోనే మొదలుపెడతాను.

రెండో జవాబు ఆక్సిజన్. చక్కెర నీళ్లలో ఎంతైనా కరుగుతుంది, ఆక్సిజన్ కరగదు. 37 డిగ్రీల దగ్గర మామూలు గాలి పంపితే లీటరు నీళ్లలో 7 మిల్లీగ్రాములకు మించి నిలవదు. బాగా చిక్కబడిన కల్చర్ గంటకు లీటరుకు 3 గ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పీల్చేస్తుంది. భాగించి చూస్తే నిల్వ ఎనిమిది సెకన్లకు సరి. కరెంటు పోయి జెనరేటర్ అందుకునేలోపు ఆ నిల్వ అయిపోతుంది. స్క్రీన్ మీద ఆక్సిజన్ గీత సున్నాకు జారిపోవడం కళ్లారా చూసినవాళ్లకు ఈ భాగహారం మళ్లీ చెప్పక్కర్లేదు. పీల్చిన ప్రతి గ్రాముకూ వేడి పుడుతుంది. పది వేల లీటర్ల ట్యాంకులో ఆ ఉధృతిలో పుట్టే వేడి 120 కిలోవాట్ల పైమాటే, ఇళ్లల్లో వాడే అరవై గీజర్లు ఒకేసారి ఆన్ చేసినంత. ట్యాంకు చుట్టూ ఉన్న జాకెట్లో తిరిగే చల్లనీళ్లు దాన్నంతా మోసుకుపోవాలి.

ఇంతవరకూ పుస్తకాల్లో ఉన్నదే. నాకు పని నేర్పింది మాత్రం లెక్క తేలని ఒక బ్యాచ్.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. పది లీటర్ల ల్యాబ్ ఫెర్మెంటర్లో బాగా నడిచిన ఈ.కోలై ప్రక్రియను పది వేల లీటర్లకు తీసుకెళ్లాం. చక్కెర ఒక్కసారి పోయకుండా కణాలు తినే కొద్దీ కొంచెం కొంచెంగా ఫీడ్ ఇచ్చే పద్ధతి. ల్యాబ్‌లో గ్రాము చక్కెరకు అర గ్రాము కణాలు వచ్చేవి. పెద్ద ట్యాంకులో నా మోడల్ గీత ఒక దారిన, శాంపిళ్ల చుక్కలు దాని కింద మరో దారిన పోయాయి. కార్బన్ ఖాతా తీశాను. చక్కెర రూపంలో వంద పాళ్లు లోపలికి వెళ్తే కణాల్లో, ప్రోటీన్లో, బయటికి పోయే కార్బన్ డయాక్సైడ్‌లో కలిపి 88 తేలాయి. పన్నెండు పాళ్లు ఎటు పోయాయో తెలియదు.

నేను చేసిన పని చెప్పాలి. మోడల్లో ఆ అరను 0.42 చేశాను. గీత వెళ్లి చుక్కల మీద చక్కగా కూర్చుంది. రిపోర్టులో ఆ బొమ్మ పెట్టాను, అందరూ బాగుందన్నారు. తేడాను తరుగు కింద రాసేశానని అప్పటికి నాకు తట్టలేదు.

తట్టేలా చేసింది మా షిఫ్టు ఆపరేటర్. నాకన్నా పదిహేనేళ్లు పెద్దాయన, బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. తర్వాతి బ్యాచ్ నడుస్తుండగా తెల్లవారుజామున అమోనియా డబ్బా కింద కాటా చూపించి, “అమ్మా, ఇది ల్యాబ్ లెక్కకన్నా అమోనియా ఎక్కువ తాగుతోంది, చూశారా?” అన్నారు. కణాలు పెరిగేటప్పుడు ట్యాంకు పులుపెక్కుతుంది. దాన్ని విరవడానికి అమోనియా తనంతట తానే పడుతుంది, కణాలకు కావలసిన నత్రజని కూడా అదే. ఎన్ని కణాలు పెరిగాయో తెలిస్తే ఎంత అమోనియా పోవాలో తెలుస్తుంది. నేను కార్బన్ ఖాతా రాశాను గాని అమోనియా ఖాతా రాయలేదు. ఆ రాత్రి కూర్చుని రాశాను. కణాలు తక్కువ, అమోనియా ఎక్కువ. అంటే ఎక్కడో ఆమ్లం పుడుతోంది.

అన్ని శాంపిళ్లూ ల్యాబ్‌కు పంపి వెతికించాం. ఎసిటేట్ దొరికింది, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే. గుమ్మడికాయంత ఆధారం కళ్ల ముందుంటే నేను ఆ పరీక్షే పెట్టించలేదు. ఈ.కోలైకి తట్టుకోలేనంత చక్కెర ఒక్కసారి తగిలితే, పక్కన ఆక్సిజన్ ఉన్నా సరే, కాలువ పట్టనంత నీరు వదిలితే గట్టు పొర్లినట్టు మిగులు కార్బన్‌ను ఎసిటేట్‌గా బయటికి వదిలేస్తుంది. మరి మేం కొంచెం కొంచెంగానే ఇస్తున్నాం కదా, తట్టుకోలేనంత చక్కెర ఎక్కణ్నుంచి వచ్చింది?

నా మోడల్లో రాయకుండా ఒప్పేసుకున్న మాట ఒకటుంది. ట్యాంకులో ఏ మూల చూసినా ద్రవం ఒకేలా ఉంటుందన్న మాట. పది లీటర్లలో అది నిజమే, పడ్డ చుక్క రెండు మూడు సెకన్లలో అంతటా కలిసిపోతుంది. పెద్ద ట్యాంకును ఉత్త నీళ్లతో నింపి, పైన ఉప్పు ద్రావణం పోసి, అడుగున పెట్టిన ప్రోబ్ చూస్తూ స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాం. నలభై సెకన్లు పట్టింది. మా ఫీడ్ గొట్టం పైన ఒక్కచోట చక్కెర వదులుతోంది. ఆ పక్కగా కొట్టుకుపోయే కణాలకు చక్కెర వరద, అడుగున తిరిగేవాటికి కరువు. అన్నీ సగటు కడితే లెక్క సరిగ్గానే కనిపిస్తుంది. కణం సగటును తినదు, తన పక్కనున్నదే తింటుంది. స్టాక్‌హోమ్‌లో స్వెన్-ఓలోఫ్ ఎన్‌ఫోర్స్ బృందం చేసిన పరిశోధనలు ఇదే విషయం చెబుతాయి. అవి నేను ఆ తర్వాతే చదివాను.

ట్యాంకును మోడల్లో మూడు గదులుగా విడగొట్టి, గది నుంచి గదికి రాకపోకల ఖాతా రాశాను. అరను మళ్లీ అర చేశాను. ఈసారి గీత ఎవరూ నెట్టకుండానే చుక్కల దగ్గరికి వచ్చింది. గొట్టం చివరను, ద్రవాన్ని కలియదిప్పే కింది ఇంపెల్లర్ దగ్గరికి దించితే ఎసిటేట్ ఎంత తగ్గుతుందో కూడా చెప్పింది. దించాం, తగ్గింది. తేలని పన్నెండు పాళ్లు నాలుగుకు వచ్చాయి.

ఎసిటేట్ వల్ల మాకు పోయింది దిగుబడే. తేడాను పక్కన పెట్టేస్తే ప్రాణాలు పోయిన చోట్లూ ఉన్నాయి. 2007 డిసెంబర్ 19న అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో టీ2 లాబొరేటరీస్ అనే చిన్న కర్మాగారంలో రియాక్టర్ పేలి నలుగురు చనిపోయారు. పెట్రోల్లో కలిపే ఒక మాంగనీస్ సమ్మేళనం చేసేవారక్కడ. ల్యాబ్‌లో ఒక లీటరు రియాక్టర్లో పనిచేసిన పద్ధతిని 2,500 గ్యాలన్లకు, అంటే సుమారు 9,500 లీటర్లకు తెచ్చారు. ఆకారం అదే ఉంచి అంత పెంచితే ఒక్కో లీటరుకు దక్కే చల్లబరిచే గోడ ఇరవై ఒకటో వంతుకు పడిపోతుంది. వేడి పుట్టడం పరిమాణం లెక్కన, పోవడం గోడ లెక్కన. ఉష్ణోగ్రత ఎక్కేకొద్దీ చర్య ఇంకా వేగమవుతుంది, ఇంకా వేడి పుడుతుంది.

నన్ను వదలని సంగతి ఆ ప్రమాదం దర్యాప్తు నివేదికలో ఇంకోటుంది. అక్కడ చేసిన తొలి పది బ్యాచుల్లో మూడింటిలో వేడి అనుకోని విధంగా ఎగసింది. ట్యాంకు మూడుసార్లు చెప్పింది. వాళ్లు పాళ్లు మార్చారు, చల్లబరిచే తీరు మార్చారు, మళ్లీ బాగానే నడిచింది. తర్వాత బ్యాచ్ పరిమాణం మూడో వంతు పెంచారు. పేలింది 175వ బ్యాచ్. ఉష్ణోగ్రత ఇంకా పెరిగితే లోపలి సోడియం, ద్రావకం కలిసి ఇంకో తీవ్రమైన చర్య మొదలుపెడతాయన్నది వాళ్ల లెక్కలో లేదు. ఎగసిన ఆ మూడు బ్యాచుల వేడికి ఖాతా రాసి, ఇది ఎక్కణ్నుంచి వచ్చిందని చివరిదాకా వెంటపడి ఉంటే అని ఆలోచిస్తుంటాను. ఆ నలుగురూ ఎవరి ఇంటికి వాళ్లు చేరేవాళ్లు.

ఇప్పుడు కొత్తగా చేరే పిల్లలు నాకన్నా చాలా త్వరగా మోడల్ కట్టేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ తెరిచి, పెట్టెలు లాగి కలిపి, మధ్యాహ్నానికల్లా రంగురంగుల గ్రాఫు చూపిస్తారు. నేర్చుకోవాలన్న ఆశ వాళ్ల కళ్లలో కనబడుతుంది. వాళ్లకు నేను చెప్పేవి మూడే. కంప్యూటర్ తెరవకముందు ఖాతాలు చేత్తో రాయండి, ప్రతి పదం పక్కన కొలమానం రాయండి. గ్రాములు గ్రాముల్లోనే కలుస్తాయి. తర్వాత మోడల్‌ను జవాబు తెలిసిన ప్రశ్న అడగండి. ఫీడ్ ఆపేస్తే చక్కెర సున్నా దగ్గర ఆగుతుందా, సున్నా దాటి కిందకు పోతుందా? ఆఖరిది, అంకెలు సవరించి గీతను చుక్కల మీదికి తెచ్చేముందు ఆ సవరణ కణంలో గాని ట్యాంకులో గాని దేన్ని సూచిస్తుందో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే అది తరుగు.

మోడల్ సరిగ్గా సరిపోయిన రోజున నాకు తెలిసిందే మళ్లీ తెలుస్తుంది. సరిపోని రోజున ట్యాంకు నాకు తెలియనిది చెబుతోంది. నా లెక్క అంత విడమర్చి రాసుంటేనే ఆ తేడా కనబడుతుంది. నన్నడిగితే మోడల్ కట్టేది అందుకే.

నా నోటుబుక్కులో ప్రతి బ్యాచ్‌కూ చివర ఒక గడి ఉంటుంది. దాని పేరు ‘తేలనిది’. ఆనాటి నాలుగు పాళ్లలో రెండు తర్వాత దొరికాయి, నురగతో పాటు పైకి పోయి గొట్టంలో గట్టిపడిన కణాలవి. రెండు ఇంకా ఉన్నాయి. బయటికి పోయే గాలిని కొలిచే ఎనలైజర్ మీద నాకు అనుమానం. రేపు ఉదయం ఆరు గంటల షిఫ్టులో ప్రామాణిక గ్యాస్ సిలిండర్ తగిలించి దాన్ని సరిచూడాలి. అంతవరకూ ఆ గడిలో రెండు అనే ఉంటుంది.