తల తీస్తేనే కన్ను మేల్కొంటుంది

నల్లగొండ బత్తాయి మొక్క నిజానికి రెండు చెట్లు. వేరు రంగపూర్ నిమ్మది, కొమ్మ సాత్‌గుడి రకం బత్తాయిది. పానగల్ రైతు నర్సరీలో మొక్క ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఆ రెండూ కలిసిన చోటునే.

అంటు కట్టే పని చకచకా సాగిపోతుంది. నిమ్మ బెరడు మీద కత్తితో 'టీ' ఆకారంలో గాటు, అందులోకి సాత్‌గుడి కన్ను, పైన పాలిథిన్ పట్టీ. కన్ను పచ్చగా నిలిచి అతుక్కుందని తేలాక కత్తెర పడుతుంది. కన్నుకు పైనున్న నిమ్మ తల తెగిపోతుంది. అంత ఏపుగా పెరిగిన తల! కొత్తగా చూసేవాళ్లకు ప్రాణం చివుక్కుమంటుంది.

అది ఉన్నంతకాలం కన్ను కదలదు మరి. చిగురులో, లేత ఆకుల్లో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోన్ కిందికి దిగుతూ కింది కళ్లను ఆపి ఉంచుతుంది. 1920లలో డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల కొనలు కోసి అగర్ ముక్కల మీద పెట్టాడు. తర్వాత ఆ ముక్కల్నే కొన లేని మొలకలపై ఉంచితే అవి మళ్లీ పెరిగాయి. పెంచేది కొనలోంచి దిగే రసాయనమని తేలింది. 1930లలో శాస్త్రవేత్తలు థిమన్, స్కూగ్ తల తీసిన మొక్కకు ఆ చోట ఆక్సిన్ పెట్టి చూస్తే పక్క కళ్లు విచ్చుకోకుండా ఆగిపోయాయి.

ఈ సంకేతానికి తన, పర అన్న తేడా లేదు. తల తీయగానే సాత్‌గుడి కన్నుతో పాటు కిందున్న నిమ్మ కళ్లూ లేస్తాయి. వాటిని ఎప్పటికప్పుడు గిల్లకపోతే తోటంతా నిమ్మే అవుతుంది. అంటు కట్టేవాడి నేర్పు చేతి వేగంలో కన్నా ఈ కాపలాలోనే ఎక్కువ కనిపిస్తుంది.

అతుకు కుదరడంలోనూ ఆక్సిన్ పాత్ర ఉంది. గాటు దగ్గర పుట్టిన కణాల ముద్దలో నీటి నాళాలకు దారి చూపేది దాని ప్రవాహమే. అయితే ఫలితం పాళ్లను బట్టి మారుతుంది: 1957లో స్కూగ్, మిల్లర్ పొగాకు కణజాలంతో చేసిన ప్రయోగాల్లో ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేర్లు, సైటోకైనిన్ అనే మరో హార్మోన్ పాలు ఎక్కువైతే చిగుళ్లు వచ్చాయి.

పాళ్ల సంగతి బత్తాయి రైతుకూ తెలిసిందే. కాయ రాలకుండా చల్లే 2,4-డి కూడా కృత్రిమ ఆక్సినే. 100 లీటర్ల నీటికి ఒక్క గ్రాము చాలు. మోతాదు పెంచితే అదే కలుపుమందు. గట్టు అవతల పత్తి ఉందా, గాలికి కొట్టుకొచ్చిన తుంపరకే దాని లేతాకులు బెండాకుల్లా సన్నగా చీలిపోతాయి. అందుకే కలుపుమందు కొట్టిన పంపును పత్తికి వాడకూడదంటారు; గాలి ఎటు వీస్తోందో చూసుకున్నాకే మందు కలపమంటారు.